జర్మనీ వృద్ధాశ్రమంలో ఏడాది స్వచ్ఛంద సేవ: రోజు గడిచే తీరు, అడుగడుగునా

జనవరి నెల, లైప్‌జిగ్ దగ్గరి ఒక చిన్న ఊరు. తెల్లవారి ఐదుంపావుకు అలారం మోగేసరికి కిటికీ బయట ఇంకా నడిరాత్రిలా ఉంటుంది. ఎనిమిది దాటితే గానీ సూర్యుడు కనిపించడు. ఆరింటికల్లా వృద్ధాశ్రమం రెండో అంతస్తులో పనిబట్టలు వేసుకుని, చేతులు శుభ్రం చేసుకుని సిద్ధంగా ఉండాలి. ఏడాది పాటు నా రోజు ఇలాగే మొదలైంది. ఇప్పుడు వెళ్లబోయేవారికి ఆ రోజును గంట గంటకూ విప్పి చెప్పాలని ఇది రాస్తున్నాను.

జర్మనీ వెళ్తున్నానంటే మన ఇళ్లలో చదువుకా, ఉద్యోగానికా అని అడుగుతారు. ఈ రెండూ కాని దారి ఒకటుంది. స్వచ్ఛంద సేవా సంవత్సరం. ఇందులో రెండు రకాలు. ఒకటి 1964 నుంచి చట్టబద్ధంగా నడుస్తున్న ఎఫ్ఎస్‌జే, అంటే స్వచ్ఛంద సామాజిక సంవత్సరం. 27 ఏళ్లు నిండనివారికే ఇది. రెండోది బీఎఫ్‌డీ, అంటే సమాఖ్య స్వచ్ఛంద సేవ. 2011 జూలై 1న మొదలైంది. అప్పటిదాకా జర్మనీలో యువకులు నిర్బంధంగా సైన్యంలో పనిచేయాలి, వద్దనుకున్నవారు దానికి బదులు ఆసుపత్రుల్లోనో వృద్ధాశ్రమాల్లోనో సేవ చేయాలి. ఆ నిర్బంధం ఆగిపోవడంతో ఆ ఖాళీలోకి బీఎఫ్‌డీ వచ్చింది. దీనికి గరిష్ఠ వయసు లేదు. రెండూ మామూలుగా 12 నెలలు సాగుతాయి.

ఈ రెండింటికీ చట్టం పెట్టిన షరతు ఒకటి తెలుసుకుని తీరాలి. స్వచ్ఛంద సేవకులు జీతగాళ్ల స్థానంలో పనిచేయకూడదు. మనం లేకపోయినా ఆ సంస్థ నడవాలి. మనం ఉన్నందువల్ల అక్కడివారి బతుకు కొంచెం మెరుగుపడాలి. నర్సుల దగ్గర లేనిదీ మన దగ్గర ఉన్నదీ ఒక్కటే, తీరిక. ఆ తీరికను పెద్దవాళ్ల దగ్గర ఖర్చు పెట్టడమే ఈ శిక్షణలో అసలు విద్య. మిగతా అడుగులన్నీ దాన్ని కాపాడుకునేందుకే.

మొదటి అడుగు: ఒప్పందాన్ని చదవండి, తర్వాతే సంతకం

కారిటాస్, డియాకొనీ, జర్మన్ రెడ్‌క్రాస్, ఏడబ్ల్యూఓ వంటి పెద్ద సంస్థలు ఈ సేవను నిర్వహిస్తాయి. ఇలాంటి నిర్వాహక సంస్థను అక్కడ ట్రేగర్ అంటారు. మీరు పనిచేసే వృద్ధాశ్రమం వేరు, ట్రేగర్ వేరు. ఒప్పందంలో ఐదు విషయాలు వెతకండి: వారానికి ఎన్ని గంటలు, నెలకు చేతిఖర్చు ఎంత, గది ఇస్తారా, భోజనం ఇస్తారా, సెలవులు ఎన్ని. చేతిఖర్చుకు ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి 2025లో నెలకు 644 యూరోలు. చాలా చోట్ల అంతకంటే బాగా తక్కువ ఇస్తారు. గది, భోజనం ఉచితమైతే తక్కువ మొత్తంతోనూ గడుస్తుంది. గది లేకుండా చేతిఖర్చు మాత్రమే ఇస్తామంటే పెద్ద నగరంలో బతకడం కష్టం. ఆరోగ్య బీమాతో సహా సామాజిక బీమా చందాలన్నీ సంస్థే కట్టాలి. ఆ వాక్యం కాగితం మీద కనబడాలి.

స్థానం ఇప్పిస్తామంటూ లక్షలు అడిగే మధ్యవర్తులు మన ఊళ్లలో ఉన్నారు. ఇది కొనుక్కునే ఉద్యోగం కాదు. ట్రేగర్లకు నేరుగా ఉత్తరం రాయవచ్చు, వీడియోలో మాట్లాడవచ్చు. డబ్బు అడిగినవాడిని, అది దేనికో కాగితం మీద రాసి ఇమ్మనండి.

జర్మన్ భాష ఎంత రావాలి? భాషా పరీక్షల మెట్లలో రెండోదైన ఏ2ను చాలామంది అడుగుతారు, కొందరు దాని పైమెట్టు బీ1. నా సలహా మాత్రం బీ1 దాకా చదివే వెళ్లమని. హైదరాబాద్‌లోని గోథే సెంట్రమ్‌లో తరగతులూ పరీక్షలూ ఉన్నాయి. దీర్ఘకాల వీసా రుసుము 75 యూరోలు. పోలీసు ధ్రువపత్రం, టీకాల కార్డు వెంట ఉంచుకోండి. పిల్లల బడుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవారు 2020 నుంచి తట్టు టీకా వేయించుకున్నట్టు చూపాలి.

పెట్టె సర్దేటప్పుడు పచ్చళ్లకు ఇచ్చిన శ్రద్ధ బూట్లకూ ఇవ్వండి. రోజుకు ఏడెనిమిది గంటలు నిలబడే పని. మడమ మూసి ఉండి, జారని మెత్తటి బూట్లు కావాలి.

రెండో అడుగు: మొదటి రెండు వారాల కాగితాలు

గదిలో చేరిన రెండు వారాల్లోపు ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇల్లు ఇచ్చినవారి సంతకంతో ధ్రువీకరణ పత్రం కావాలి. చేరిన రోజే అడిగి తీసుకోండి. నమోదయ్యాక కొద్ది వారాలకు పన్ను సంఖ్య పోస్టులో వస్తుంది. తలుపు మీదో తపాలా పెట్టె మీదో మీ పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుపోతాడు. చిన్న కాగితం మీద పేరు రాసి అంటించండి. బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా కార్డు, విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతి ఆ వరుసలో వస్తాయి.

వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఒక ఫైల్లో పెట్టండి. జర్మనీలో ఫోను సందేశం కంటే ఉత్తరానికి విలువ ఎక్కువ. రేడియో టీవీ చందా కింద ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. మోసమనుకుని పారేయకండి, అది నిజమైనదే. సంస్థ ఇచ్చిన వసతిలో ఉంటే ఎవరు కట్టాలో అడిగి తెలుసుకోండి.

మూడో అడుగు: అంకెలు, గడియారం

నన్ను అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టినవి వ్యాకరణం కాదు, అంకెలు. మనం ఇరవై మూడు అంటాం, ముందు ఇరవై, తర్వాత మూడు. వాళ్లు ముందు మూడు అంటారు, తర్వాత ఇరవై: డ్రై ఉంట్ ట్స్వాన్‌ట్సిష్. రెండో వారంలో ఒక ఉదయం 23వ గదికి ఇవ్వమన్న తీపి రవ్వజావను 32వ గదికి తీసుకెళ్లాను. ఆ గదిలో ఉన్నాయనకు మధుమేహం. గుమ్మం దగ్గర నర్సు చూసి ఆపింది, లేకపోతే ఆయన తినేవాడే. ఆ రోజు నుంచి ఎవరు గది సంఖ్య చెప్పినా ఒక్కొక్క అంకె విడదీసి తిరిగి చెప్పి, వాళ్లు తల ఊపాకే కదిలేదాన్ని. మీరూ అలాగే చేయండి, ఎవరూ విసుక్కోరు. ఫోనులో వాళ్లు కూడా రెండును ట్స్వై అనకుండా ట్స్వో అంటారు, మూడుతో కలవకుండా ఉండాలని.

గడియారం సంగతి ఇంకొకటి. హాల్ప్ ఆహ్ట్ అంటే మాటకు మాటగా సగం ఎనిమిది. అంటే ఏడున్నర, ఎనిమిదిన్నర కాదు. తూర్పు జర్మనీలో ఇంకా ముందుకు వెళ్లి ఫీర్టెల్ ఆహ్ట్ అంటారు, పావు ఎనిమిది. అది ఏడుంపావు. ఎనిమిదో గంటలో పావు వంతు నడిచిందని లెక్క. డ్యూటీ పట్టికలో అంకెలే ఉంటాయి కాబట్టి భయం లేదు, నోటిమాటగా చెప్పినప్పుడే జాగ్రత్త.

లైప్‌జిగ్ ఉన్న సాక్సనీ రాష్ట్రంలో అయితే ఔను అనడానికి ను అంటారు. మన చెవికి అది ఇంగ్లీషు నో లాగా వినిపిస్తుంది. ఇంకొంచెం టీ పోయనా అని ఒక పెద్దావిడను అడిగితే ను అంది. నేను కప్పు తీసేశాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మరో మాట. ఔనన్నప్పుడు మనం తలను అటూ ఇటూ ఆడిస్తాం. అక్కడ అది అనుమానంలాగో కాదన్నట్టుగానో కనబడుతుంది. నోటితో చెప్పడం అలవాటు చేసుకోండి.

ఆ ప్రాంతం ఒకప్పుడు సోవియట్ ప్రభావంలోని తూర్పు జర్మనీ కాబట్టి అక్కడి పెద్దవాళ్లు బడిలో నేర్చుకున్నది రష్యన్. ఇంగ్లీషు వచ్చినవారు అరుదు. కాబట్టి భాష రాకపోయినా ఇంగ్లీషుతో నెట్టుకొస్తాననే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

నాలుగో అడుగు: ఎలా పిలవాలి

మనకు పెద్దావిడ కనబడితే నోటికి అమ్మమ్మగారూ అనే పిలుపు దానంతటదే వస్తుంది. అది మన మర్యాద. అక్కడ అది అమర్యాద. ఆమె ఎవరి అమ్మమ్మో వాళ్లకే అమ్మమ్మ. మనకు ఆమె ఫలానా ఇంటిపేరుగల శ్రీమతి. ఆడవారికి ఫ్రౌ, మగవారికి హెర్, పక్కన ఇంటిపేరు. సంబోధన ఎప్పుడూ జీ, అంటే మన మీరు. డూ, అంటే నువ్వు, వాళ్లు చెప్తే తప్ప వాడకూడదు. తోటి ఉద్యోగులు మాత్రం మొదటి రోజే డూ అందామంటారు. మీరు, నువ్వు తేడా పుట్టుకతో తెలిసినవాళ్లం కాబట్టి దీనిలో మనకు కష్టం లేదు, ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్లు తడబడతారు.

మతిమరుపు వచ్చినవారికీ ఈ మర్యాద తగ్గకూడదు. పేరు మరచిపోయినా, ఇంటిపేరుతో పిలిస్తే నడుము నిటారు చేసి కూర్చునే మనుషుల్ని చూశాను.

ఇంకొక మాట. మీ పిల్లలు మిమ్మల్ని చూడరా అని ఎన్నడూ అడగకండి. మన దగ్గర వృద్ధాశ్రమం అంటే వదిలేశారని అర్థం చెప్పుకుంటాం. అక్కడ ఒకరికి ఎంత సాయం కావాలో 2017 నుంచి ఐదు స్థాయిలుగా నిర్ణయిస్తున్నారు. పై స్థాయిలవారికి రాత్రింబవళ్లు శిక్షణ ఉన్న మనిషి తోడు కావాలి. ప్రతి ఆదివారం కేకు పట్టుకుని వచ్చే కొడుకులు, కూతుళ్లు మా అంతస్తులో ఎందరో.

ఐదో అడుగు: పొద్దుటి డ్యూటీ

ఆరింటికి ఊబర్‌గాబె ఉంటుంది. రాత్రి డ్యూటీ నర్సు పగటివారికి విషయాలు అప్పగించే పది నిమిషాలు. ఎవరు నిద్రపోలేదు, ఎవరు పడిపోయారు, ఎవరికి జ్వరం. మొదటి నెల సగం అర్థం కాదు. చిన్న నోటుబుక్కులో గది సంఖ్యలూ విన్న మాటలూ రాసుకోండి, తర్వాత ఒక్కరినే అడగండి. అందరినీ అడిగితే ఒక్కొక్కరు ఒక్కో సమాధానం చెప్తారు. మీకు దారి చూపేందుకు ఒక సీనియర్‌ను నియమిస్తారు, ఆమెనే పట్టుకోండి.

గాజులు, ఉంగరాలు, చేతిగడియారం గదిలోనే వదిలి రావాలి. గోళ్లరంగు ఉండకూడదు. మోచేతి కింద ఏ నగా ఉండకూడదన్నది నియమం, దాని కిందే క్రిములు దాక్కుంటాయి. అమ్మ వేసిన గాజులు తీయడానికి నాకు మనసు ఒప్పలేదు. మూడో రోజు ఒక పెద్దాయన చర్మం ఎంత పలుచగా ఉందో చూశాను. ఉల్లిపొర లాంటి ఆ చర్మానికి గాజు అంచు తగిలితే చాలు, చిరిగిపోతుంది. ఆ సాయంత్రమే తీసి పెట్టెలో పెట్టాను. చేతులకు క్రిమినాశకం పూసి 30 సెకన్లు రుద్దాలి, వేళ్ల సందులు, బొటనవేలు మరచిపోకుండా.

గదిలోకి వెళ్లే ముందు తలుపు తట్టండి. జవాబు రాకపోయినా తట్టండి. దీపం వేసే ముందు, తెర తీసే ముందు, దుప్పటి ముట్టుకునే ముందు ఒక మాట అడగండి: దార్ఫ్ ఇష్? చేయవచ్చా అని. నా ఏడాది మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ పలికిన మాట ఇదే. ఒంటి మీద తన అధికారం ఒక్కొక్కటిగా పోగొట్టుకున్న మనిషికి, వద్దు అనే అవకాశం ఈ ప్రశ్న వల్లే మిగులుతుంది.

ముఖం కడగడం, దుస్తులు తొడగడం సీనియర్ పక్కన ఉండగా నేర్చుకుంటారు. పక్షవాతం వచ్చినవారికి బట్టలు వేసేటప్పుడు చచ్చుపడిన చేతికి ముందు తొడగాలి, తీసేటప్పుడు ఆ చేతిది చివర తీయాలి. చక్రాల కుర్చీకి ముందు బ్రేకు వేయండి. కాళ్లు పెట్టే పలకలు మడిచాకే మనిషిని లేవనివ్వండి. వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి మీరు ముందు దిగండి. ఎవరినీ ఒంటరిగా ఎత్తకండి. ఎత్తే యంత్రం ఉంటుంది, రెండో మనిషి ఉంటారు. ఇరవై ఏళ్లకే నడుము పోగొట్టుకోవడం సేవ కాదు.

ఎనిమిదింటికి అల్పాహారం. నా పని 23వ గది పెద్దావిడకు తినిపించడం. గ్రీస్‌బ్రై అని పెడతారు. పాలల్లో రవ్వ ఉడికించి పంచదార వేస్తారు, మన రవ్వ పాయసానికి యాలకులూ జీడిపప్పూ తీసేసినట్టుంటుంది. దీన్ని తినిపించడం ఎలాగో వివరంగా చెప్తాను, ఈ పనిలో తొందరపడితే ప్రాణం మీదికి వస్తుంది.

ముందు మంచం తలవైపు పైకి లేపి ఆమెను నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కొంచెం కిందికి వంగి ఉండాలి. తల వెనక్కి వాలితే ముద్ద గాలిగొట్టంలోకి పోతుంది. మీరు నిలబడకూడదు. స్టూలు వేసుకుని, మీ కళ్లూ ఆమె కళ్లూ ఒకే ఎత్తున ఉండేలా కూర్చోండి. నిలబడి తినిపిస్తే ఆమె తల ఎత్తి చూడాల్సి వస్తుంది. ఏమి పెడుతున్నారో ముందు చెప్పండి. చిన్న చెంచా, అందులో సగమే. పక్షవాతం ఉంటే పనిచేసే బుగ్గ వైపు పెట్టండి. చెంచా తీశాక ఆమె గొంతు వైపు చూడండి. గొంతు ముడి పైకి లేచి దిగితేనే మింగినట్టు. అది దిగేదాకా రెండో చెంచా ఎత్తకండి. కొన్నిసార్లు అర నిమిషం పడుతుంది. గొంతు తడిగా, గురగురమన్నట్టు వినిపించినా, దగ్గు వచ్చినా ఆపి నర్సును పిలవండి. మింగడం కష్టమైనవారికి నీళ్లలోనూ కాఫీలోనూ చిక్కబరిచే పొడి కలుపుతారు. ఎంత కలపాలో నర్సు చెప్పిన కొలతే, మీ ఉజ్జాయింపు వద్దు. తిన్నాక అరగంటైనా పడుకోబెట్టకండి.

ఆ గిన్నె ఖాళీ కావడానికి 35 నిమిషాలు పట్టేది. నర్సు ఒక్కతే పది మందిని చూడాలి, ఆమెకు 35 నిమిషాలు ఎక్కడివి? నాకున్నాయి. తీరిక అని ముందు చెప్పింది ఇదే.

పన్నెండింటికి మధ్యాహ్న భోజనం. రెండింటికి సాయంత్రం బృందానికి అప్పగింత, మీ డ్యూటీ అయిపోయినట్టే. సాయంత్రం డ్యూటీ అయితే రెండింటికి మొదలై రాత్రి తొమ్మిది ప్రాంతంలో ముగుస్తుంది.

ఆరో అడుగు: చేయకూడనివి

మందులు ఇవ్వకూడదు. నర్సు గిన్నెలో పోసి, ఇది ఆయనకు ఇచ్చిరా అన్నా, అది మీ పని కాదని నెమ్మదిగా చెప్పండి. ఇంజెక్షన్లు, పుండ్లకు కట్లు కూడా అంతే. రాత్రి డ్యూటీ ఒంటరిగా వేస్తే ట్రేగర్‌కు వెంటనే తెలియజేయండి.

ఫొటోలు తీయకూడదు. ఇంటికి పంపేందుకైనా, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేందుకైనా సరే. నిస్సహాయ స్థితిలో ఉన్న మనిషిని ఫొటో తీయడం అక్కడ నేరం. గదిలో విన్నది గది దాటకూడదు.

డబ్బు తీసుకోకూడదు. ఇది మనకు కష్టం. పెద్దవాళ్లు చేతిలో నోటు పెట్టి గుప్పిట మూస్తే కాదనడం మనకు రాదు, ఆశీర్వాదం వద్దన్నట్టు అనిపిస్తుంది. అయినా వద్దనాలి. అందరం కలిసి తినేలా చాక్లెట్ పెట్టె ఇమ్మని ఒకాయనకు చెప్పాను, ఆయన సంతోషంగా అలాగే చేశాడు. అలాంటిది తీసుకున్నా ముందు అంతస్తు అధికారికి చెప్పండి.

ఏడో అడుగు: మధ్యాహ్నం నాలుగు గంటలు

రెండున్నర, మూడింటి మధ్య కాఫీ, కేకు. ఆ తర్వాత పొద్దు వాలేకొద్దీ మతిమరుపు ఉన్నవారిలో అలజడి మొదలవుతుంది. మా అంతస్తులో 91 ఏళ్ల ఒకావిడ రోజూ నాలుగింటికి కోటు తొడుక్కుని, చేతిసంచి పట్టుకుని, అమ్మ ఎదురుచూస్తోంది, ఇంటికి పోవాలి అనేది. మీ అమ్మ ఎప్పుడో పోయింది అని చెప్తే, ఆమెకు ఆ చావు కబురు అప్పుడే తెలిసినట్టవుతుంది. ప్రతి రోజూ ఒకసారి అమ్మను పోగొట్టుకున్నట్టు. అలా చెప్పకండి. అబద్ధమూ అక్కర్లేదు. అమ్మ ఈ రోజు ఏమి వండుతుంది అని అడిగాను. బంగాళాదుంప అట్లు, ఆపిల్ గుజ్జుతో, అంది. అలా మాట్లాడుతూ వరండా చివరిదాకా నాలుగుసార్లు నడిచాం. ఐదోసారి తానే కోటు విప్పింది.

కొన్ని జర్మన్ వృద్ధాశ్రమాల ముందు బస్సే రాని బస్‌స్టాపు పెడతారు, బయటికి పోవాలనుకునేవారు అక్కడ కూర్చుని కాసేపటికి మరచిపోతారని. నాకది నచ్చదు. బల్ల కంటే పక్కన నడిచే మనిషి మేలు.

ఆ తరం రెండో ప్రపంచ యుద్ధాన్ని పిల్లలుగా చూసింది. 1945లో అప్పటి జర్మనీ తూర్పు ప్రాంతాలైన సిలేసియా నుంచి, తూర్పు ప్రష్యా నుంచి కాలినడకన వచ్చినవారు కొందరు ఉంటారు. రొట్టె అంచును రుమాలులో చుట్టి సొరుగులో దాచుకుంటే చెత్త అని పారేయకండి. ముందు నర్సును అడగండి, దాచుకున్నవారి ఎదుట కాకుండా తీయండి.

ఎనిమిదో అడుగు: గదికి వచ్చాక

శీతాకాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనుక, వేసవిలో మూడున్నర. పొద్దుటి డ్యూటీ దిగి రెండున్నరకు ఫోను చేస్తే ఇంట్లో శీతాకాలమైతే రాత్రి ఏడు. అమ్మ వంట మొదలుపెట్టే వేళ. నాకు వారానికి మూడు రోజులు ఆ వేళ సరిపోయింది. రోజూ గంటల తరబడి మాట్లాడితే సాయంత్రాలు అక్కడే గడిచిపోతాయి, కాళ్ల కింది ఊరు పరిచయం కాదు.

రాత్రి అక్కడ వేడిగా వండుకోవడం తక్కువ. రొట్టె, జున్ను, మాంసం ముక్కలు. నెల తిరిగేసరికి అన్నం మీద బెంగ పుడుతుంది. తుర్కీవారి దుకాణంలో ఎర్ర కందిపప్పు, పెరుగు, కొత్తిమీర దొరుకుతాయి. ఆసియా దుకాణంలో బియ్యం, చింతపండు. వాటితో పప్పుచారు అయిపోతుంది. పోపు వేసే ముందు వంటింటి తలుపు మూసి కిటికీ తెరవండి. చలికాలంలోనూ రోజుకు రెండు మూడు సార్లు కిటికీలు పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. లేకపోతే గోడలకు బూజు పడుతుంది, ఆ ఖర్చు మీ మీద పడవచ్చు.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే కొనుక్కోండి. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటిదాకా చప్పుడు చేయకూడదు. ఒకసారి వాడే ప్లాస్టిక్ నీళ్ల సీసాకు 25 సెంట్లు బయానా ఉంటుంది, ఖాళీ సీసా తిరిగిస్తే డబ్బు వస్తుంది.

జబ్బు చేస్తే డ్యూటీ మొదలయ్యేలోపే ఫోను చేసి చెప్పాలి. డాక్టరు కాగితం ఎన్నో రోజు నుంచి కావాలో ఒప్పందంలో చూసుకోండి. ప్రాణాపాయానికి 112, వేళ కాని వేళ మామూలు జబ్బుకు 116117.

తొమ్మిదో అడుగు: సెమినార్లు

27 ఏళ్లు నిండనివారికి 12 నెలల సేవలో 25 రోజులు సెమినార్లు ఉంటాయి. అవి పనిదినాలే, తప్పనిసరి. చాలావరకు ఐదేసి రోజులు ఊరికి దూరంగా ఒకేచోట ఉంచి నడుపుతారు. మొదటిదానిలో నేను నోరు తెరవలేదు. రెండోదానిలో ఒక జార్జియా అమ్మాయి, ఒక మడగాస్కర్ అబ్బాయి నాలాగే అంకెల దగ్గర తడబడుతున్నారని తెలిసి ప్రాణం కుదుటపడింది. అక్కడ పరిచయమైనవారి నంబర్లు దాచుకోండి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడే రోజుల్లో ఫోను చేయడానికి అవి కావాలి.

పదో అడుగు: మరణం వచ్చిన రోజు

వృద్ధాశ్రమంలో ఏడాది ఉంటే ఇది తప్పదు. నేను తినిపిస్తున్న పెద్దావిడ మార్చిలో ఒక రాత్రి పోయింది. ఉదయం ఆరింటికి అప్పగింతలో చెప్పారు. ఆమె గది కిటికీ తెరిచి ఉంది. ఆత్మ బయటికి పోయేందుకు కిటికీ తెరవడం అక్కడి పాత ఆచారం. తలుపు పక్కన చిన్న బల్ల మీద ఆమె ఫొటో, వెలుగుతున్న కొవ్వొత్తి. చూడాలనుకుంటే వెళ్లవచ్చు అని సీనియర్ నర్సు అంది. చూడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరని కూడా అంది. వెళ్లాను. ఇంటికి వచ్చి, మన అలవాటు ప్రకారం తలస్నానం చేశాను. రెండు ఆచారాలూ కలిసి నాకు ఆ రోజు దాటడానికి సాయపడ్డాయి.

ఆ రోజు పని చేయలేనంటే చెప్పండి. మాట్లాడుకోవడానికి ట్రేగర్ దగ్గర మీకంటూ కేటాయించిన ఒక మనిషి ఉంటారు. నేను పది రోజులు ఆగి ఫోను చేశాను, మీరు అంత ఆగకండి.

పదకొండో అడుగు: ఇబ్బంది వస్తే

సిబ్బంది తక్కువైన రోజున స్వచ్ఛంద సేవకుణ్ణి నర్సు బదులు వాడుకోవాలనే ఆశ ఎవరికైనా పుడుతుంది. ఒక వారం రెండు వారాలైతే సర్దుకోవచ్చు. అదే అలవాటుగా మారితే తేదీ, గంటలు, చేసిన పని రోజూ రాయండి. ముందు మీ సీనియర్‌తో, తర్వాత అంతస్తు అధికారితో, ఆ తర్వాత ట్రేగర్‌తో మాట్లాడండి. ఆ వరుస తప్పకండి. నివాస అనుమతి ఈ సేవకే ముడిపడి ఉంటుంది కాబట్టి కోపంతో మానేసి వచ్చేయకండి. చోటు మార్చడం సాధ్యమే, కానీ అది ట్రేగర్ ద్వారా, విదేశీయుల కార్యాలయానికి తెలిపి జరగాలి.

చివరి నెల

సేవా ధ్రువపత్రం రాతపూర్వకంగా అడగండి. కేవలం తేదీలున్నది కాకుండా, మీరు చేసిన పనుల వివరం, పనితీరు మీద అభిప్రాయం ఉన్నది కావాలనండి. నర్సింగ్ నేర్చుకోవాలనుకుంటే అక్కడ మూడేళ్ల వృత్తి శిక్షణ ఉంది, నేర్చుకుంటూనే జీతం ఇస్తారు. ఈ ఏడాది చేసినవారికి ఆ దరఖాస్తులో బలం ఉంటుంది. అయితే అనుమతి గడువు ముగియడానికి మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి.

ఆఖరి వారంలో నోటుబుక్కు తీసి, తర్వాత వచ్చే సేవకుడికోసం ఒక్కో గదికి ఒక్కో వాక్యం రాసిపెట్టండి. నేను రాసిన పేజీ ఇలా ఉండేది. 14: తలుపు రెండుసార్లు తట్టాలి, ఎడమ చెవి వినబడదు. 19: కాఫీలో పాలు ముందు పోయాలి. 27: నాలుగింటికి కోటు వేసుకుంటుంది, ఆపవద్దు, అమ్మ ఏమి వండుతుందో అడగాలి. 32: తీపి వద్దు, ఫుట్‌బాల్ గురించి మాట్లాడితే నర్సు ఇచ్చే మందు గోల లేకుండా మింగుతాడు, ఆ వేళకు పక్కన కూర్చోవాలి.